మస్టాంగ్‌ని ఎంత దించాలి, ముందు ఏం మార్చాలి

ప్రశ్న: నా దగ్గర 2019 మస్టాంగ్ జీటీ ఉంది. పెర్ఫార్మెన్స్ ప్యాకేజ్ ఉంది, మాగ్నరైడ్ (కంప్యూటరే గట్టిదనం సర్దే షాకులు) లేదు. 48 వేల మైళ్లు తిరిగింది, షాకులు ఇప్పటిదాకా మార్చలేదు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఉన్న గ్యాప్ చూస్తే చిరాకు. లోయరింగ్ స్ప్రింగులు వేసి రెండు అంగుళాలు దించాలనుంది. ఒక ఫ్రెండ్ ఉన్న స్ప్రింగులే కోసేయమంటున్నాడు, ఇంకొకరు కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగూ షాకూ కలిపిన సెట్లు) తప్ప ఏదీ వద్దంటున్నారు. మలుపుల్లో బండి ఒరుగుతోంది. ఎగ్జిట్ ర్యాంప్ మీద కాంక్రీట్ జాయింట్ దాటినప్పుడు వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించి టెన్షన్ వస్తుంది. రోజూ ఆఫీసుకి ఇందులోనే వెళ్తాను. వెనక పాప కార్ సీటు ఉంటుంది. సమ్మర్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తారు. ఎప్పుడైనా క్రెసన్‌లో ఉన్న రేస్ ట్రాక్ మీద ట్రాక్ డేకి వెళ్లాలని ఆశ. బడ్జెట్ 1,500 డాలర్లు. ఏం వేయమంటారు? — ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. బండి కిందికి కూర్చున్నట్టు కనిపించాలి, మలుపులో ఒరగకూడదు, వెనక పక్కకి జరిగే భయం పోవాలి. మూడింటికీ లోయరింగ్ స్ప్రింగే మందు అనుకుంటున్నారు. మొదటిదానికి అవును, రెండోదానికి సగమే అవును. మూడోదానికీ స్ప్రింగుకీ దాదాపు సంబంధం లేదు, అది వేరే చోట ఉన్న సమస్య, దానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే.

రెండు అంగుళాలు మాత్రం వద్దు. ఒక అంగుళం, మహా అయితే అంగుళంపావు, అక్కడ ఆగండి. భయపడి చెప్తున్న మాట కాదిది, మీ బండి ముందు సస్పెన్షన్ ఎలా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. 2015 మోడల్‌గా వచ్చిన ఈ తరం మస్టాంగ్‌కి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగూ షాకూ ఒకే కడ్డీగా కలిసి ఉంటాయి, కింద ఒక్క ఆర్మ్ బదులు రెండు లింకులు, రెండు బాల్ జాయింట్లు. మలుపులో బండి ఒరిగేటప్పుడు ఒక ఊహా బిందువు చుట్టూ ఒరుగుతుంది, దాన్నే రోల్ సెంటర్ అంటారు. బండి బరువు కేంద్రానికీ ఆ బిందువుకీ మధ్య ఉన్న దూరం ఎంత ఎక్కువైతే బండి అంత ఎక్కువ ఒరుగుతుంది. స్ట్రట్ ఉన్న బండిని ఒక అంగుళం దించితే బరువు కేంద్రం ఒక అంగుళం దిగుతుంది, కానీ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగుతుంది. అంటే ఆ దూరం తగ్గడం పోయి పెరుగుతుంది. ఒక అంగుళం వరకు దీన్ని స్ప్రింగు గట్టిదనం కప్పేస్తుంది. రెండు అంగుళాలు దించితే కింది లింకులు చక్రం వైపు పైకి లేచిపోతాయి, అప్పుడు చక్రం పైకి వెళ్లేకొద్దీ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది, స్టీరింగ్ రాడ్ కోణం కూడా మారి గుంతలో పడ్డప్పుడు మీరు తిప్పకపోయినా చక్రం కాస్త తిరుగుతుంది. అవన్నీ సరిచేయాలంటే పొడుగు బాల్ జాయింట్లు, బంప్ స్టీర్ కిట్, క్యాంబర్ ప్లేట్లు ఒకదాని వెంట ఒకటి కొనాలి. ఒరగడం తగ్గించుకుందామని దించితే ఒరిగే గుణం ఇంకా పెరిగిన బండి చేతికొస్తుంది.

దించడం వల్ల వచ్చే లాభం ఎంతో కూడా చెప్తాను. ఇలాంటి బండికి బరువు కేంద్రం నేల నుంచి సుమారు 20 అంగుళాల ఎత్తులో ఉంటుందనుకుంటే, ఒక అంగుళం దించితే మలుపులో లోపలి టైర్ల మీద నుంచి బయటి టైర్ల మీదికి మారే బరువు ఓ 5 శాతం తగ్గుతుంది. మంచిదే, కాదనను. కానీ టైరు మార్చితే వచ్చే తేడా ముందు ఇది చిన్నది. ఫోర్డ్ వాళ్లే 2018లో పెర్ఫార్మెన్స్ ప్యాకేజ్ లెవల్ 2 అని ట్రాక్ కోసం ఒకటి తెచ్చారు. దానికి 305 వెడల్పు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 టైర్లు నాలుగు పక్కలా వేశారు, మాగ్నరైడ్ పెట్టారు, స్ప్రింగులూ, ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్లూ గట్టివి చేశారు. బండిని దించింది అర అంగుళమే. తయారుచేసిన వాళ్లు, చేతిలో అన్ని కొలతలూ ఉన్నవాళ్లు, డబ్బంతా టైర్ల మీదా షాకుల మీదా పెట్టి ఎత్తు దగ్గర అర అంగుళంతో ఆగిపోయారు. మీ ఖర్చు కూడా ఆ వరుసలోనే ఉండాలని నా అభిప్రాయం.

ఇంకోటి, మీ ఊరి నేల. ఉత్తర టెక్సాస్‌లో చాలా భాగం నల్లరేగడి. గుంటూరు వైపు ఇల్లు కట్టిన మీ నాన్నగారికి చెప్పనక్కర్లేదు, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. దాని మీద వేసిన కాంక్రీట్ పలకలు ఒకటి లేచి ఒకటి దిగి, జాయింట్ దగ్గర మెట్టులా తయారవుతాయి. మీరు రోజూ నడిపేది వాటి మీదే. చక్రం పైకి వెళ్లడానికి బండి కింద చోటు కావాలి, ఆ చోటు స్టాక్ ఎత్తులోనే, అంటే ఫ్యాక్టరీ ఇచ్చిన ఎత్తులోనే, కొద్దిగా ఉంటుంది, తర్వాత బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క తగులుతుంది. రెండు అంగుళాలు దించితే ఆ చోటులో చాలా భాగం బండి నిలబడి ఉండగానే అయిపోయినట్టే. నేరుగా వెళ్తుంటే ఒక దెబ్బ తగిలి ఊరుకుంటుంది. కానీ ర్యాంప్ మీద బండి ఒరిగి ఉన్నప్పుడు జాయింట్ వస్తే బయటి చక్రం బంప్ స్టాప్ మీదికి ఎక్కేస్తుంది, ఆ క్షణంలో ఆ మూల స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిదైపోయినట్టు ఉంటుంది, టైరు పట్టు జారుతుంది. ముందు అయితే బండి తిన్నగా పోతుంది, వెనక అయితే తోక తిరుగుతుంది. వెనక సీట్లో పాప ఉండగా 460 హార్స్‌పవర్ బండిలో మీకు కావలసింది అది కాదు.

అందుకే స్ప్రింగు కొనేటప్పుడు ఎన్ని అంగుళాలు దించుతుంది అన్నది ఒక్కటే చూడకండి, దించినంతకు తగ్గట్టు ఎంత గట్టిగా ఉంది అన్నది చూడండి. చోటు తగ్గినప్పుడు ఆ తక్కువ చోటులోనే అదే దెబ్బని ఆపాలి కాబట్టి స్ప్రింగు గట్టిది కాక తప్పదు. ఎక్కువ దించి, కూర్చుంటే మెత్తగా ఉండే స్ప్రింగు అమ్ముతున్నారంటే అది బంప్ స్టాప్ మీద నడిచే స్ప్రింగని అర్థం చేసుకోండి. మీ వాడకానికి ఐబాక్ ప్రో-కిట్ లాంటిది సరిపోతుంది, ఒక అంగుళం చుట్టుపక్కల దించుతుంది, ప్రోగ్రెసివ్ రకం, అంటే మొదట మెత్తగా ఉండి నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ వాళ్ల సొంత లోయరింగ్ స్ప్రింగులూ, స్టీడా వాళ్ల ఒక అంగుళం స్ప్రింగులూ ఇదే వరసలోవి. ట్రాక్‌కే ఎక్కువ వెళ్లేవాళ్లు లీనియర్ రకం, అంటే ఎంత నొక్కినా ఒకే గట్టిదనం ఉండేది, ఇష్టపడతారు, ఎందుకంటే బండి ఎప్పుడు ఎంత కదులుతుందో ముందే తెలుస్తుంది. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని డెంటన్ దాకా వెళ్లి వచ్చే బండికి ప్రోగ్రెసివ్ నయం. ఐబాక్ స్పోర్ట్‌లైన్ పేరు కూడా మీకు ఎవరైనా చెప్తారు, అది దాదాపు అంగుళంన్నర దించుతుంది, ఫోటోలో బాగుంటుంది, మీ డ్రైవ్‌వేకీ మీ షాకులకీ మాత్రం బాగుండదు.

ఇక షాకులు. నా ఉద్దేశంలో మీ ఉత్తరంలో అసలు విషయం ఇదే, మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. 48 వేల మైళ్లు టెక్సాస్ కాంక్రీట్ మీద తిరిగిన ఫ్యాక్టరీ షాకులు అవి. బండిని పైకి పట్టి ఉంచేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊపుని ఆపేది షాక్. స్ప్రింగుని 30 శాతం గట్టిది చేసి షాకుని అలాగే ఉంచితే, దానికి ఊపుని ఆపే సత్తా లెక్క ప్రకారం ఓ 12 శాతం తగ్గినట్టు అవుతుంది. కొత్త షాకులైతే దాన్ని భరిస్తాయి. ఇప్పటికే అలసిపోయినవి భరించవు. మొదటి నెల బాగానే ఉందనిపిస్తుంది, తర్వాత హైవే మీద బండి ముక్కు పైకీ కిందికీ ఊగుతూ వెళ్తుంది, మీరు స్ప్రింగుల్ని తిట్టుకుంటారు. ముందు స్ట్రట్ విప్పి స్ప్రింగు మార్చే పనీ, స్ట్రట్ మార్చే పనీ ఒకటే. రెండుసార్లు విప్పించి రెండుసార్లు లేబర్ కట్టే బదులు ఒకేసారి చేయించండి.

ఏ షాకులు? బిల్‌స్టీన్ బీ8 దించిన బండి కోసమే పొట్టిగా చేసినది, అదే కంపెనీ బీ6 స్టాక్ ఎత్తుకి. ఈ తేడా తెలియక బీ6 కొని లోయరింగ్ స్ప్రింగులకి జత చేసేవాళ్లు చాలామంది ఉంటారు. కోనీ స్పోర్ట్ అయితే పసుపు రంగువి, రీబౌండ్, అంటే నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పుడు ఎంత ఆపాలన్నది, తిప్పి సర్దుకోవచ్చు. నాకు మీ కేసులో కోనీ వైపే మొగ్గు ఉంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మెత్తగా తిప్పేసుకుంటారు, క్రెసన్ వెళ్లే ముందు కాస్త బిగిస్తారు. బంప్ స్టాప్ కోయమని స్ప్రింగు కంపెనీ కాగితంలో రాసి ఉంటేనే, వాళ్లు చెప్పినంతే కోయించండి. పూర్తిగా తీసేయడం మాత్రం షాకుని చంపుకోవడమే.

ర్యాంప్ మీద వెనక పక్కకి జరగడం సంగతికి వద్దాం. ఈ తరం మస్టాంగ్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, చాలా మంచిది. కానీ ఆ ఆర్మ్‌లూ డిఫరెన్షియలూ అన్నీ ఒక పెద్ద ఉక్కు ఫ్రేమ్‌కి, అంటే క్రేడిల్‌కి తగిలించి ఉంటాయి, ఆ క్రేడిల్‌ని బండికి నాలుగు పెద్ద రబ్బరు బుష్‌లతో బిగించారు. లోపల శబ్దం రాకూడదని రబ్బరు మెత్తగా పెట్టారు, మధ్యలో ఖాళీలు కూడా వదిలారు. దాంతో మలుపులో జాయింట్ తగిలినప్పుడు మొత్తం క్రేడిలే కాస్త కదులుతుంది, వెనక చక్రాలు ఒక క్షణం తమంతట తాము స్టీరింగ్ తిప్పినట్టు అవుతుంది. మీరు పక్కకి జరిగినట్టు అంటున్నది చాలావరకు ఇదే, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక చక్రాలు టకటకా ఎగరడానికీ ఇదే కారణాల్లో ఒకటి. దీనికి బీఎంఆర్, స్టీడా లాంటి కంపెనీలు ఆ బుష్‌ల ఖాళీల్లో పెట్టే ఇన్సర్టులు, బ్రేసులు అమ్ముతాయి. ఒకటి రెండు వందల డాలర్ల పని. స్ప్రింగు ధరలో దాదాపు సగమే, కానీ బండి నడిపేవాడికి తెలిసే తేడా స్ప్రింగు కంటే ఎక్కువ. అల్యూమినియం రకం వేస్తే డిఫరెన్షియల్ కూత లోపలికి కొద్దిగా వినిపించే అవకాశం ఉంది, పాలీయురేథేన్ రకమైతే తక్కువ. పాప నిద్రపోయే బండి కాబట్టి పాలీయే తీసుకోండి. ఎలాగూ వెనక స్ప్రింగులు మార్చడానికి ఆ క్రేడిల్ వదులు చేసి దించడం మామూలే, అదే రోజు ఇవీ పెట్టించేస్తే లేబర్ పెద్దగా పెరగదు.

అయితే ఇవన్నీ కొనేముందు టైర్లు చూడండి, ఖర్చు లేని పని. పక్క గోడ మీద డాట్ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. 1819 అని ఉంటే 2019లో 18వ వారం. బండితో వచ్చిన సమ్మర్ టైర్లే ఇంకా ఉంటే, ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, అవే మలుపులో జారుతూ మీకు ఒరిగినట్టు, జరిగినట్టు అనిపించొచ్చు. ఆ పరిస్థితిలో ఉన్న డబ్బు మొదట టైర్లకే. మీకు జనవరిలో ఐస్ పడే రోజులు కూడా ఉంటాయి, సమ్మర్ టైర్ల రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి వెళ్తే పట్టు కోల్పోతుంది, ఆ రోజుల్లో ఈ బండి బయటికి తీయకండి.

స్ప్రింగులు కోయమన్న మీ ఫ్రెండ్ మాట వినకండి. చుట్టు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది నిజమే, ఆయన అంటున్నది అదే అయ్యుంటుంది. కానీ కోసిన చివర సీటులో సరిగ్గా కూర్చోదు, పొడవు తగ్గిన స్ప్రింగు చక్రం వేలాడినప్పుడు వదులై తన చోటు నుంచి కదిలిపోతుంది, మళ్లీ బరువు పడ్డప్పుడు అదే చోట కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు. టార్చ్‌తో వేడి చేసి దించేవాళ్లయితే ఉక్కు పదునే చెడగొడతారు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకి ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, మీ కౌంటీలో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. అంటే ఇలాంటి పని చేయిస్తే కనిపెట్టి ఆపేవాళ్లు కూడా ఎవరూ లేరు.

కాయిలోవర్ల విషయంలో నాకు వ్యతిరేకత ఏమీ లేదు, మీ బడ్జెట్‌లో దొరికే కాయిలోవర్ల విషయంలో ఉంది. 1,000 డాలర్లకి ఎత్తు సర్దుకునే స్ప్రింగు, 32 మెట్లలో సర్దుకునే షాకు, పైన క్యాంబర్ ప్లేటు అన్నీ ఇస్తున్నారంటే ఎక్కడో ఒకచోట కోత పడి తీరుతుంది, చాలాసార్లు అది షాకు లోపల పడుతుంది. పైగా మీ బండికి వెనక స్ప్రింగు వేరే, షాకు వేరే చోట ఉంటాయి, కాబట్టి చాలా కిట్లలో వెనక వైపు అసలు కాయిలోవరే కాదు, స్ప్రింగు కింద ఎత్తు సర్దే ఒక గిన్నె, అంతే. ఎత్తు సర్దుకోవడం, నాలుగు మూలల బరువు తూచి సమం చేసుకోవడం మీరు నిజంగా చేస్తానంటే, మంచి కంపెనీది, రెండు వేల డాలర్ల పైది చూసుకోండి. ఒకసారి పెట్టి మర్చిపోయేవాళ్లకి స్ప్రింగూ షాకుల జతే మంచిది.

డబ్బు లెక్కకి వస్తే, సుమారుగా స్ప్రింగులు 300 నుంచి 350, షాకులు 800 నుంచి 900, ఇన్సర్టులు 150, కొత్త స్ట్రట్ మౌంట్లు 100 పైన, అలైన్‌మెంట్ 150 దాకా. సామానుకే మీ 1,500 అయిపోతుంది, లేబర్‌కి ఇంకో ఐదారు వందలు. అంత ఇప్పుడు లేకపోతే వరుస ఇలా పెట్టుకోండి: టైర్లు పాతవైతే మొదట టైర్లు. ఆ తర్వాత క్రేడిల్ ఇన్సర్టులు, అలైన్‌మెంట్. మిగతా డబ్బు కూడాక స్ప్రింగులూ షాకులూ కలిపి. స్ప్రింగులు ఒక్కటే ముందు వేసేసి షాకులు తర్వాత చూద్దాం అన్న వరుస ఒక్కటే వద్దు. గ్యాప్ ఇంకో ఆరు నెలలు కనిపిస్తే నష్టం ఏమీ లేదు. వారంటీ మిగిలి ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి స్ప్రింగులు వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ తీసేయలేరు, ఆ స్ప్రింగు వల్లే పాడైందని చూపించగలిగిన భాగానికి మాత్రం ఇవ్వరు.

క్రెసన్ ఆశ ఉందన్నారు. ట్రాక్‌కి వెళ్లే ముందు సస్పెన్షన్ కంటే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి, ఎక్కువ వేడి తట్టుకునే డాట్ 4 రకం. పాత ఫ్లూయిడ్ నీటిని పీల్చుకుని ఉంటుంది, మరిగితే ఆరు పిస్టన్ల బ్రెంబో ఉన్నా పెడల్ నేలకి పోతుంది. మొదటి ట్రాక్ డేకి స్టాక్ బండితోనే వెళ్లినా మీకు నేర్చుకోవడానికి కావలసినంత ఉంటుంది.

పని చేయించేటప్పుడు రెండు మూడు విషయాలు పక్కనుండి చూసుకోండి. దించే ముందు నాలుగు చక్రాలకీ చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా కొలిచి రాసి పెట్టుకోండి, తర్వాత కొలిస్తే ఎంత దిగిందో, ఒక పక్క ఎక్కువ దిగిందో తెలుస్తుంది. ఫోర్డ్ వాళ్లు ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దన్న బోల్టులు కొన్ని ఉంటాయి, వర్క్‌షాప్ మాన్యువల్ చూసి అవి కొత్తవి తెప్పించమనండి. ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు, ఇది చాలా షాపుల్లో జరిగే తప్పు. అలా బిగిస్తే బండి కిందికి దిగాక రబ్బరు పిండిన తడిగుడ్డలా ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, బండి అనుకున్నంత దిగదు, ఏడాదిలో బుష్ చిరుగుతుంది. చక్రాల మీద బరువు పెట్టి, నిలబడే ఎత్తులో ఫైనల్ టార్క్ ఇవ్వాలి. స్ప్రింగులు కుదురుకోవడానికి ఓ రెండు మూడు వందల మైళ్లు నడిపి అప్పుడు అలైన్‌మెంట్ చేయించండి. ఈ బండికి ముందు క్యాంబర్ ఫ్యాక్టరీ నుంచి సర్దుకునేది కాదు, ఒక అంగుళం దించితే దానంతట అది కాస్త నెగెటివ్‌కి వెళ్తుంది, మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీల మధ్య ఉండి రెండు పక్కలా దగ్గరగా ఉంటే వదిలేయండి, క్యాంబర్ ప్లేట్ల ఖర్చు అక్కర్లేదు. టైరు లోపలి అంచు తినేస్తోందని అందరూ క్యాంబర్‌ని అంటారు కానీ ఎక్కువసార్లు దొంగ టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. ముందు టో సున్నా లేదా వెంట్రుకవాసి లోపలికి, వెనక కొద్దిగా లోపలికి పెట్టమనండి, ప్రింటౌట్ అడిగి తీసుకోండి. హెడ్‌లైట్ల గురి కూడా అదే రోజు గోడ మీద చూసి సర్దించుకోండి, ముందూ వెనకా ఒకే లెక్కలో దిగకపోతే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.